అల్లూరి దేహం చెప్పాల్సిన సాక్ష్యం

ఒకప్పుడు మన ఖమ్మం జిల్లాల ఉన్న చింతూరు, కూనవరం మండలాలు 2022ల అల్లూరి సీతారామరాజు పేరు మీద వెట్టిన జిల్లాల కలిసినయ్. పేరైతే వెట్టుకున్నం. గని ఆయన పానం ఎట్ల పోయిందో తేల్చే విచారణ మాత్రం కోర్టు దాకా రాలే.

రాజు 1897ల పాండ్రంగిల పుట్టిండు. సన్యాసి లెక్క మన్యం జేరిండు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం వడ్డది. గూడెం తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి సరైన కూలి ఇయ్యక గిరిజనులను గోస వెట్టిండు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తెల్లారి కృష్ణదేవిపేట, ఆ తెల్లారి రాజవొమ్మంగి ఠాణాల మీద వడి రాజు దండు తుపాకులు గుంజుకపోయింది. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగినా రెండేండ్లు దాకా దొరకలే.

1924 మే 7న మంప కాడ పట్టుకున్నరు. కొయ్యూరు తీస్కపోయినంక, మేజర్ గుడాల్ చేతుల్ల ఉండంగనే కాల్చి చంపిండ్రు. పారిపోవోతే కాల్చినమన్నది సర్కారు మాట. చెట్టుకు కట్టేసి కాల్చిండ్రన్నది జనం మాట. తెల్లారి కృష్ణదేవిపేటల దహనం అయిపోయింది.

గీ రెండిట్ల ఏది నిజమో దేహమే చెప్పాలె. గుండు ముంగటికెల్లి తాకిందా, ఎనుకకెల్లినా? దగ్గరకెల్లి కాలిస్తే గాయం సుట్టు మసి, మందు మచ్చలు పడతయ్. కట్టేస్తే మణికట్లకు తాడు అచ్చులుంటయ్. తుపాకి మడమతోని ఛాతీల గుద్దితే పైన తోలు మీద ఏం కనవడకపోవచ్చు. లోపల పక్కటెముకలు ఇరిగి, ఊపిరితిత్తి చీరి, నెత్తురు నిండి మనిషి చచ్చిపోవచ్చు. అందుకే డాక్టరు ఛాతీని పొరపొర ఇప్పి సూడాలె. దెబ్బ పానమున్నప్పటిదా, పోయినంకదా అన్నది కండల ఇంకిన నెత్తురు వట్టి చానా మట్టుకు తెలుస్తది.

పోలీసు కస్టడీల మనిషి చచ్చిపోతే మేజిస్ట్రేట్ విచారణ చెయ్యాలని 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లనే ఉండె. ఎన్‌కౌంటర్ చావులకు ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చెయ్యాలె, వీడియో తియ్యాలె అని 2014ల సుప్రీంకోర్టు జెప్పింది. అండ్ల ఒక డాక్టరు, అయినంత వరకు, జిల్లా ఆస్పత్రి పెద్ద కావాలె.

అల్లూరి దేహాన్ని ఇగ అడగలేం. గని గోదావరి ఒడ్డు అడవుల్ల ఇయ్యాల పడే ప్రతి శవాన్నీ అడగొచ్చు. పోలీసోడిదైనా, నక్సలైటుదైనా, అమాయక కోయ పిలగానిదైనా, కాలవెట్టక ముందే ఛాతీ ఇప్పి నిజం రాయాలె. విగ్రహాలకు దండలేసే సర్కార్లు గీ ఒక్క పని జేస్తే అదే అల్లూరికి అసలైన నివాళి.