డాక్టరు జాన్ స్నో

కలరా యనుమాట చెవినబడినంతనే జనులు ఊళ్లు విడిచి పారిపోవు కాలమొకటి యుండెను. ఆ వ్యాధి త్రాగునీటిద్వారా వ్యాపించునని ఋజువుపరచిన యొక వైద్యుని చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయబూనితిమి.

జాన్ స్నో ఇంగ్లండు దేశమందలి యార్కు పట్టణమున 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన జన్మించెను. తండ్రి కూలిపని చేసి జీవించువాడు. తొమ్మండుగురు బిడ్డలలో స్నో జ్యేష్ఠుడు. పదునాలుగవ యేట న్యూకాసిలు నగరమున నొక వైద్యునికడ శిష్యుడుగా చేరెను. కొన్ని యేండ్లకు సమీపమందలి బొగ్గుగనులలో కలరా చెలరేగగా, గురువు ఈతనిని రోగులకడకు పంపెను. గనిలోపలనే మలవిసర్జనము చేసి, చేతులు కడుగుకొనకయే భుజించు పనివారి దుస్థితిని స్నో మరువలేదు. పిమ్మట లండనుచేరి, 1844లో యం.డి. పట్టము పొందెను. 1853లో విక్టోరియా రాణిగారి ప్రసవసమయమున క్లోరోఫారము నిచ్చి విశేషఖ్యాతి గాంచెను. ఆ ఖ్యాతితో తృప్తిపడినచో నాతనికి సుఖముగానే జరిగియుండును.

ఆ దినములలో వైద్యులనేకులు దుర్గంధవాయువే కలరాకు కారణమని నమ్ముచుండిరి. రోగము ప్రేగులయందు మొదలగుచుండగా దాని విషము నోటిద్వారా లోనికి పోవలెనుగాని, ఊపిరిద్వారా కాదని స్నో తలచి, 1849లో నొక చిన్నపుస్తకము ప్రకటించెను. దానిని లక్ష్యపెట్టినవారు కొద్దిమంది.

1854 ఆగస్టు నెలాఖరున లండనునందలి బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా విరుచుకొనిపడెను. పదిదినములలో 500 మందికి పైగా మరణించిరి. స్నో ఇంటింటికి తిరిగి, మృతులు ఏ నీరు త్రాగిరో విచారించెను. పెక్కుమంది ఆ వీధిలోని పంపునీరు త్రాగినవారే. సమీపమందున్న బీదల శరణాలయములో 535 మంది యుండగా ఐదుగురే చనిపోయిరి. ఆ శరణాలయమునకు వేరు బావి యుండెను. బీరు కార్ఖానాలోని 70 మంది పనివారిలో నొక్కడును చావలేదు. వారు నీటికి బదులు బీరు త్రాగువారట! మద్యము ముట్టని స్నోకు ఈ సంగతి వ్రాయుట కష్టముగానే యుండెనేమో. దూరమందున్న హాంప్‌స్టెడ్‌లో నొక వితంతువు మరణించెను. ఆమె బ్రాడ్ వీధి నీటి రుచికలవాటుపడి, బండిపై తెప్పించుకొనుచుండెను. ఇంతకుమించిన సాక్ష్యమేమి కావలెను?

సెప్టెంబరు 8వ తేదీన అధికారులు పంపుపిడిని తీయించిరి. పిడి తీసినంతనే వ్యాధి మాయమయ్యెనని మేము వ్రాయజాలము. జనులు పారిపోవుటచే నది యప్పటికే తగ్గుచుండెనని స్నోయే యొప్పుకొనెను.

హెన్రీ వైట్‌హెడ్ అను యువక పాదిరిగారు ఆ పేటలో రోగులను పరామర్శించుచుండిరి. స్నో మాట తప్పని చూపదలచి, తానును ఇంటింట విచారించిరి. తుదకు స్నో పక్షమే వహించిరి. పంపుప్రక్క యింటిలో నొక పసిబిడ్డకు మొట్టమొదట రోగము సోకి, ఆ బిడ్డ మరణించినదనియు, తల్లి ఆ గుడ్డలుతికిన నీటిని ఇంటిముందరి మురుగుగుంటలో పోసినదనియు కనుగొనినవారు వీరే. త్రవ్విచూడగా గుంటకును బావికిని మూడడుగుల యెడమైనను లేదు. గుంటగోడ శిథిలమై, మురుగు బావిలోనికి ఊరుచుండెను.

అయినను ప్రభుత్వ ఆరోగ్యసంఘమువారు దుర్వాయువాదమును విడువలేదు. స్నో 1858 జూన్ 16వ తేదీన, నలువదియైదవ యేట, పక్షవాతముచే మరణించెను. కోక్ అను జర్మను పండితుడు 1884లో కలకత్తాలోని యొక చెరువునీటియందు కలరాక్రిమిని చూపునప్పటికి స్నో గతించి ఇరువదియారేండ్లయ్యెను.