హిల్డే మాంగోల్డ్

ఒకే కణం నుండి తల, వెన్ను, గుండె గల ప్రాణి రూపొందడం ప్రకృతిలోని గొప్ప వింత. పిండంలో ఏ భాగం ఏ అవయవంగా మారాలో నిర్దేశించేది ఏది? ఈ ప్రశ్నకు సమాధానం చూపిన శాస్త్రజ్ఞురాలు హిల్డే మాంగోల్డ్.

హిల్డే 1898 అక్టోబరు 20న జర్మనీలోని గోథా పట్టణంలో జన్మించింది. ఫ్రాంక్‌ఫర్టులో చదువుతుండగా హాన్స్ స్పీమన్ ఉపన్యాసం విని పిండశాస్త్రం పట్ల ఆకర్షితురాలైంది. 1920లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యురాలిగా చేరింది. మరుసటి ఏడు ఆయన సహాయకుడైన ఆటో మాంగోల్డ్‌ను వివాహమాడింది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చెరువులలో వానాకాలం కనిపించే కప్పల వలెనే న్యూట్ కూడా ఉభయచరమే. అయితే దానికి తోక ఉంటుంది. దాని పిండం రెండు మిల్లీమీటర్లకు మించదు. సన్నని గాజు సూదులు, పసిబిడ్డ తలవెంట్రుకతో చేసిన ఉచ్చు, సూక్ష్మదర్శిని ఇవే ఆమె శస్త్రచికిత్స సాధనాలు. లేత రంగు న్యూట్ పిండం పైపెదవి వంటి భాగం నుండి చిన్న ముక్కను కోసి, ముదురు రంగు గల వేరొక జాతి న్యూట్ పిండపు ఉదరభాగంలో అతికించింది. సూక్ష్మజీవులను అరికట్టే మందులు లేని ఆ రోజులలో పిండాలు అనేకం నశించాయి. ఆమె నిరాశ చెందలేదు.

బ్రతికిన కొద్ది పిండాలలో అద్భుతం గోచరించింది. అతికించిన చోట రెండవ పిండం రూపుదిద్దుకున్నది! రంగుల భేదం అసలు రహస్యాన్ని బయటపెట్టింది. కొత్త పిండపు నాడీనాళం అధికభాగం ముదురు రంగు కణాలతోనే ఏర్పడింది. అనగా అతికించిన ముక్క తాను పెరగడమే కాక, ఇరుగుపొరుగు కణాలకు కొత్త కర్తవ్యాన్ని నిర్దేశించింది. అందుకే ఆ భాగానికి 'ఆర్గనైజర్' అనగా నిర్వాహకం అని పేరు వచ్చింది.

ఈ పరిశోధనకు ఆమె 1923లో డాక్టరేటు పొందింది. వ్యాసంలో గురువు పేరు ముందు, ఆమె పేరు తరువాత చేరాయి. ఆ వ్యాసం 1924లో వెలువడింది; కాని అచ్చులో చూసుకొనే భాగ్యం ఆమెకు కలగలేదు. వంటింట్లో పొయ్యి పేలి తీవ్రంగా కాలిన గాయాలతో ఆ ఏడు సెప్టెంబరులో, పసికందును విడిచి, 26 ఏళ్లు నిండకుండానే కన్నుమూసింది.

1935లో ఈ ఆవిష్కరణకు స్పీమన్‌కు నోబెల్ బహుమతి లభించింది. నిర్వాహకం పంపే సంకేతాలైన నాగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లను శాస్త్రజ్ఞులు గుర్తించడానికి 1990వ దశకం దాకా పట్టింది. పిండశాస్త్ర గ్రంథాలలో నేడు ఆ ప్రయోగం స్పీమన్-మాంగోల్డ్ అనే జంట పేరుతోనే నిలిచి ఉన్నది. ఆయుష్షు స్వల్పమైనా, ఆమె కృషి చిరస్థాయి.