షౌక్‌తో కెమెరా పట్టి ముసవ్విర్ జంగ్ అయిన రాజా దీన్ దయాళ్

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఈరోజు మనకు తెలుస్తోందంటే అందులో పెద్ద వాటా ఒక్క మనిషిది. చార్మినార్ చుట్టూ ఎద్దుల బళ్లు, ఫలక్‌నుమా మెట్ల మీద నవాబులు, దర్బారులో వరుసగా నిలబడ్డ ఉమ్రావులు, షికారుకు బయలుదేరిన నిజాం. పుస్తకాల్లోనో, హోటల్ గోడల మీదో, వాట్సాప్ ఫార్వర్డుల్లోనో ఈ ఫోటోలు మనం చూస్తూనే ఉంటాం. కింద పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. వాటిలో ఎక్కువ భాగం రాజా దీన్ దయాళ్, ఆయన కొడుకుల స్టూడియో తీసినవే.

ఆయన హైదరాబాదీ కాదు. పుట్టుకతో ఫోటోగ్రాఫరూ కాదు. సర్కారీ నౌకరీ చేసుకుంటూ, ముప్పై ఏళ్ల వయసులో షౌక్ కొద్దీ కెమెరా పట్టిన మనిషి.

నక్షాలు గీసే నౌకరీ

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. బేగం సమ్రూ ఏలిన ఊరుగా సర్ధనా పేరు చరిత్రలో ఉంది. దీన్ దయాళ్‌ది జైన కుటుంబం. ఇంటి వృత్తి నగల వ్యాపారం. ఆయన దుకాణంలో కూర్చోకుండా రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. 1866లో అక్కడ చదువు పూర్తి చేసుకుని ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరారు. కట్టబోయే భవనాలకు నక్షాలు గీయడం, ఎంత ఖర్చవుతుందో ఎస్టిమేట్ వేయడం ఆయన పని.

ఎనిమిదేళ్లు అలా గడిచాక, 1874 ప్రాంతంలో ఆయన ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఈ షౌక్ ఎంత కష్టమో ఇప్పుడు ఊహించడం కూడా కష్టమే. మన జేబులో ఫోన్ ఉంది, తెర మీద వేలు పెడితే ఫోటో వస్తుంది. అప్పుడు ఫిల్మ్ కూడా లేదు, గాజు పలకే ఫిల్మ్. దాని మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి సమంగా పరిచి, చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకట్లోకి తీసుకెళ్లి కడగాలి. తడి ఆరిపోతే పలక పనికిరాదు. అంటే ఊరి బయట ఒక గుడి ఫోటో తీయాలన్నా కెమెరా, స్టాండు, గాజు పలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, నీళ్లు, చీకటి గుడారం అన్నీ బండి మీద వేసుకుని వెళ్లాలి. దారిలో కుదుపుకు పలక పగిలితే చేసిందంతా వృథా.

ఫోటో పెద్దది చేసుకునే సౌకర్యం కూడా అప్పట్లో అంతంతమాత్రం. కాగితం మీద ఎంత పెద్ద ఫోటో కావాలో అంత పెద్ద గాజు పలక వాడాలి. గుడ్డు తెల్లసొన, వెండి లవణాలు పూసిన కాగితాన్ని ఆ పలకకు ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగేది. కొన్నేళ్లకు రెడీమేడ్ పొడి పలకలు వచ్చాయి, పని కొంత తేలికైంది. కానీ దీన్ దయాళ్ చేయి తిరిగింది ఆ కష్టకాలంలోనే.

డ్రాఫ్ట్స్‌మన్‌గా పదేళ్లు గీసిన గీతలు ఊరికే పోలేదు. భవనాన్ని ఏ మూల నుంచి చూస్తే దాని లోతూ ఎత్తూ తెలుస్తాయో ఆయనకు అప్పటికే తెలుసు. ఆయన తీసిన కోటల ఫోటోల్లో స్తంభాలు వంగి కనపడవు, నీడ ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది.

నౌకరీ వదిలిన నిర్ణయం

ఇండోర్ మహారాజా రెండో తుకోజీరావు హోల్కర్, అక్కడి బ్రిటిష్ ఏజెంట్ సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు హిందుస్తాన్ వచ్చినప్పుడు ఆ పర్యటన ఫోటోలు తీసే అవకాశం దొరికింది. తర్వాత డేలీ స్థానంలో వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ ఆయనను బుందేల్‌ఖండ్ వైపు తీసుకెళ్లారు. గ్వాలియర్, సాంచీ వంటి చోట్ల పాత కట్టడాలన్నీ తీయించారు. 80కి పైగా ఫోటోలతో 1886లో మధ్య భారత కట్టడాల మీద ఒక పెద్ద గ్రంథం వచ్చింది.

ఈ ప్రయాణాలన్నీ ఉద్యోగం ఉండగా, సెలవు పెట్టుకుని చేసినవి. ఏదో ఒకరోజు రెండిట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. ఒక పక్క నెల నెలా వచ్చే సర్కారీ జీతం. ఇంకో పక్క ఖరీదైన సామాను, ఎప్పుడు వస్తుందో తెలియని ఆర్డరు. ఎస్టిమేట్లు వేయడమే పనిగా బతికిన మనిషికి ఆ లెక్క తెలియకుండా ఉండదు. అయినా ఆయన నౌకరీ వదిలేశారు. అప్పటికి వయసు నలభై దాటింది, ఇంట్లో ఎదుగుతున్న కొడుకులు ఉన్నారు.

1885 ఆయనకు కలిసొచ్చిన సంవత్సరం. వైస్రాయ్ ఫోటోగ్రాఫర్‌గా నియామకం దొరికింది. అదే కాలంలో హైదరాబాద్ నిజాం కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. మకాం ఇండోర్ నుంచి దక్కన్‌కు మారింది. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది.

మహబూబ్ అలీ పాషా కొలువులో

మహబూబ్ అలీ ఖాన్ పుట్టింది 1866లో. పసితనంలోనే గద్దె దక్కినా, 1884లోనే పూర్తి అధికారం చేతికొచ్చింది. దీన్ దయాళ్ వచ్చేనాటికి ఆయన ఇంకా ఇరవై నిండని నవాబు. షికారు, గుర్రాలు, మంచి బట్టలు, కొత్త వస్తువులు అంటే మోజు ఉన్నవాడు. ఇద్దరి మధ్య ఇరవై రెండేళ్ల తేడా. ఒకరు ముస్లిం పాదుషా, ఇంకొకరు ఉత్తరాది నుంచి వచ్చిన జైనుడు. ఆ బంధం దీన్ దయాళ్ బతికున్నంత కాలం నిలిచింది.

నిజాం ఎక్కడుంటే కెమెరా అక్కడ. దర్బార్లు, ఫౌజు కవాతులు, వైస్రాయ్‌ల రాక, విందు బల్లలు, అడవిలో వేట గుడారాలు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ అడవిలో పులిని వేటాడి, భార్యతో కలిసి దాని పక్కన నిలబడిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. అది ఈ స్టూడియో తీసిందే. వాటితో పాటు గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ గుంబజ్‌లు, మక్కా మసీదు, చౌమహల్లా, బషీర్‌బాగ్ వంటి కట్టడాలనూ, అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉన్న ఎల్లోరా గుహలనూ ఆయన బృందం తీసింది.

1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. జంగ్ అన్నది సాధారణంగా ఉమ్రావుల, సిపాహ్‌సలార్ల పేర్ల వెనక ఉండే మాట. కత్తి పట్టని మనిషికి, కెమెరా పట్టినందుకు ఆ మాట దక్కింది. నిజాం ఆయన పనితనం మీద ఉర్దూలో షేర్ కూడా చెప్పారని అంటారు. మహబూబ్ అలీ ఖాన్ స్వయంగా షాయర్ కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు.

అయితే ఆయన కెమెరా మహళ్ల దగ్గరే ఆగలేదు. 1899-1900లో కరువు వచ్చినప్పుడు ఔరంగాబాద్ వైపు నిజాం సర్కారు చేపట్టిన సహాయ పనుల ఫోటోలు కూడా ఈ స్టూడియోవే. ఫలక్‌నుమా అద్దాలు తీసిన చేతులే కరువు పనిలో నిలబడ్డ కూలీలనూ తీశాయి. సర్కారు తన సాయాన్ని చూపించుకోవడానికి తీయించినవే కావచ్చు. కానీ ఆ జనం ముఖాలు ఈరోజు మనకు మిగిలింది ఆ పలకల మీదే.

పర్దా వెనుక స్టూడియో

దీన్ దయాళ్ చేసిన పనుల్లో మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది 1892లో హైదరాబాద్‌లో పెట్టిన జనానా స్టూడియో.

అప్పటి పరిస్థితి చూడండి. నవాబు గారి ఫోటో దివాన్‌ఖానాలో ఉంటుంది. కొడుకులవి ఉంటాయి. బేగం సాహిబావి, బిడ్డలవి ఉండవు. పర్దా పాటించే ఇంటి ఆడవాళ్లు పరాయి మగాడి ముందు కూర్చుని ఫోటో దిగడం జరిగే పని కాదు. వాళ్లకు ఇష్టం లేక కాదు, దారి లేక.

దీన్ దయాళ్ పర్దా తీయమని అడగలేదు. కెమెరానే పర్దా లోపలికి పంపించారు. ఎత్తైన గోడల మధ్య విడిగా ఒక స్టూడియో కట్టించి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ చేతికి అప్పగించారు. ఆమె కింద సహాయకులూ ఆడవాళ్లే. లోపలికి మగవాళ్లకు ప్రవేశం లేదు. పల్లకీలో వచ్చిన బేగం నిశ్చింతగా దిగి, తనకు నచ్చిన జోడా వేసుకుని, నగలు సర్దుకుని, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటో దిగి వెళ్లొచ్చు.

వ్యాపారంగా చూస్తే ఇది తెలివైన ఆలోచనే. ఊళ్లో సగం మంది గిరాకీని అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఇందులో ఇంకో విషయం ఉంది, భరోసా. ఫోటో దిగడంతో పని అయిపోదు. ఆ గాజు పలక స్టూడియోలోనే ఉంటుంది. ఎవరైనా తలుచుకుంటే ఇంకో కాపీ తీయొచ్చు. ఒక్క ఫోటో బయటకు పొక్కినా ఖాందాన్ పరువు పోయినట్టే, స్టూడియో మూతపడినట్టే. అంత తెలిసీ ఇళ్లవాళ్లు తమ ఆడవాళ్లను అక్కడికి పంపారంటే ఆ మనిషి మీద నమ్మకం ఉండబట్టే.

ఫోన్‌లో తీసిన ఫోటో నిమిషంలో ఎక్కడెక్కడికో పోతున్న ఈ రోజుల్లో, పెళ్లిలో ఎవరు ఎవరి ఫోటో తీస్తున్నారో అని ఆడవాళ్లు జంకుతున్న ఈ రోజుల్లో, ఆ సంగతి గుర్తుచేసుకోదగ్గది. సామాను మారింది. దిగినవాళ్ల ఇష్టం అడగాలి, వాళ్ల అమానత్ కాపాడాలి అన్న బాధ్యత మారలేదు.

చివరి రోజులు, మిగిలిన పలకలు

1896లో బొంబాయిలో ఇంకో పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్ అన్న హోదా దొరికింది. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ పనిలో చేయి కలిపారు. 1903 ఢిల్లీ దర్బార్‌ను కూడా ఈ స్టూడియో ఫోటోలు తీసింది. అది దాదాపు ఆఖరి పెద్ద పని. మరుసటి ఏడాది ధరమ్ చంద్ చనిపోయారు. 1905 జులైలో, సుమారు 61 ఏళ్ల వయసులో, దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు.

మూడేళ్లకు, 1908 సెప్టెంబర్‌లో, మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల ఇళ్లు కొట్టుకుపోయాయి. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా పోయారు. దీన్ దయాళ్ చూసిన హైదరాబాద్‌లో చాలా భాగం అక్కడితో ముగిసింది. బషీర్‌బాగ్ ప్యాలెస్ కూడా తర్వాతి కాలంలో నేలమట్టమైంది. పేరు మాత్రం బస్‌స్టాపుకు మిగిలింది. ఆ మహల్ ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు ఫోటోలే దిక్కు.

ఆ ఫోటోలు మిగలడానికి ఒక కారణం స్టూడియో క్రమశిక్షణ. పలకలకు నంబర్లు వేసి, జాగ్రత్తగా దాచేవారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. 2013లో కెనడా టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం ఆయన ఫోటోలతో ప్రదర్శన పెట్టింది.

నవాబులవి, వైస్రాయ్‌లవి, కోటలవి ఇలా దేశదేశాల మ్యూజియంలకు చేరాయి. జనానా స్టూడియోలో తీసినవి మాత్రం బయట కనపడేవి చాలా తక్కువ. చరిత్ర రాసేవాళ్లకు అది లోటే. ఆ గోడల మధ్య ఫోటో దిగిన ఆడవాళ్లు కోరుకున్నది మాత్రం అదే. పాతబస్తీలోనో, సికింద్రాబాద్‌లోనో, కరాచీకో షికాగోకో వెళ్లిపోయిన ఏ ఖాందాన్ సందూకులోనో ఓ దాదీ అమ్మ ఫోటో ఇంకా ఉండొచ్చు. అట్ట మీద స్టూడియో పేరు ఉంటుంది, ఆమె పేరు ఉండకపోవచ్చు. ఇంట్లో ఆమెను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉండగానే ఆ పేరు అడిగి రాసిపెట్టుకోవడం మంచిది.