అరవింద కంటి ఆసుపత్రి స్థాపకులు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి

విజయనగర ప్రభువుల కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయక రాజుల ఏలుబడిలోనూ ఆంధ్రదేశం నుండి దక్షిణాదికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు, మధుర, తిరునల్వేలి ప్రాంతాలలో స్థిరపడి నాలుగైదు వందల సంవత్సరాలు గడిచాయి. చదువు తమిళంలో సాగినా, ఇంట తెలుగు విడువని ఈ రైతు కుటుంబాల నుండి మిల్లు యజమానులూ, యంత్రనిర్మాతలూ, అధ్యాపకులూ ఎందరో వచ్చారు. వారిలో పేదవాని కంటికి చూపు తెచ్చిన వైద్యునిగా ప్రపంచఖ్యాతి పొందినవారు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. మధుర నగరంలో ఆయనను అందరూ డాక్టర్ వి అనే పేరుతోనే పిలిచేవారు.

ఆయన 1918 అక్టోబర్ 1వ తేదీన ఎట్టయపురం సమీపంలోని వడమలాపురంలో జన్మించారు. ఆనాడు అది తిరునల్వేలి జిల్లాలోని గ్రామం. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఎట్టయపురం చుట్టూ ఉన్నదంతా వాన మీద ఆధారపడిన నల్లరేగడి నేల. తండ్రి గోవిందప్ప సేద్యగాడు. ఐదుగురు సంతానంలో వెంకటస్వామి పెద్దవారు. ఉదయం గేదెలను మేతకు తోలి, ఆ పని ముగిసిన తరువాతే బడికి నడిచి వెళ్ళేవారు. ఆ బడిలో కాగితం లేదు, పలక లేదు. పిల్లలే ఏటి ఒడ్డు నుండి ఇసుక తెచ్చి నేలపై పరచి, దానిమీద వేలితో అక్షరాలు దిద్దేవారు. కొన్ని దశాబ్దాల తరువాత లోకమంతా చెప్పుకొన్న శస్త్రచికిత్సా నైపుణ్యానికి ఆ వేలికి దొరికిన మొదటి అభ్యాసం అదే.

ఆయనకు పదేళ్ళు నిండేలోగా దగ్గరి బంధువుల ఇళ్ళలో ముగ్గురు యువతులు గర్భిణులుగా ఉండగానే మరణించారు. ఊరిలో వైద్యుడు లేడు. ప్రసూతి వైద్యుడనై ఇటువంటి మరణాలను ఆపాలని ఆ బాలుడు నిశ్చయించుకొన్నాడు. మధురలోని అమెరికన్ కళాశాలలో రసాయనశాస్త్రం అభ్యసించి 1938లో పట్టభద్రులయ్యారు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాల నుండి వైద్యపట్టా పొంది, సైనిక వైద్యవిభాగంలో చేరారు.

అక్కడే విధి అడ్డుతగిలింది. కీళ్ళవాతం సోకి శరీరమంతా బిగుసుకుపోయింది. నెలల తరబడి మంచం పట్టారు. నిలబడటం, నడవటం, కలం పట్టడం సైతం దుస్సాధ్యమైంది. 1948లో సైన్యం నుండి విడుదలయ్యారు. చేతివేళ్ళు శాశ్వతంగా వంకరలు తిరిగిపోయాయి. అటువంటి చేతులతో గంటల తరబడి నిలబడి ప్రసూతి వైద్యం చేయడం కాని పని. చిన్ననాటి సంకల్పం అంతటితో ముగిసింది.

ఆ తరువాత ఆయన కంటివైద్యాన్ని ఎంచుకొన్నారు. 1951లో నేత్రవైద్యంలో డిప్లొమా పొందారు. వంకర వేళ్ళకు అమరే విధంగా పనిముట్లను తయారు చేయించుకొని, కత్తి పట్టడం, కంటిశుక్లం తీయడం మళ్ళీ మొదటి నుండి సాధన చేశారు. నేత్రశస్త్రచికిత్సలో వెంట్రుకవాసి తేడాకు చోటులేదు. ఆరోగ్యవంతుని చేతికే వణుకు పుట్టే పని అది. ఆ వేళ్ళతోనే ఆయన తన జీవితకాలంలో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు. అయితే ఆయన గొప్పతనాన్ని ఆ లక్షతో కొలవడం పొరపాటు. తన చేయి చేయనక్కరలేని పని ఏదో ఆయన గుర్తించారు. ఆ పనిని ఎవరికి అప్పగించాలో కూడా గుర్తించారు. అసలైన కొలత అదే.

1956లో మధుర వైద్యకళాశాలలోనూ, దానికి అనుబంధమైన ఎర్‌స్కిన్ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ నేత్రవైద్య విభాగానికి అధిపతిగా వచ్చారు. ఆసుపత్రికి రాగలిగిన వారికంటే రాలేని గుడ్డివారే పల్లెలలో ఎక్కువమంది ఉన్నారన్న సంగతి ఆయనకు త్వరలోనే అర్థమైంది. 1960 దశకం ఆరంభం నుండి గ్రామాలలో కంటివైద్య శిబిరాలు నిర్వహించసాగారు. చికిత్సకు రుసుము లేదన్నా చాలామంది వచ్చేవారు కారు. బస్సు చార్జీ, వెంట వచ్చేవారి కూలినష్టం, రెండుపూటల తిండి ఖర్చు భరించలేని ముసలివారికి ఉచిత శస్త్రచికిత్స కూడా అందని పండే. కనుక ప్రయాణం, భోజనం, కళ్ళజోడు కూడా చికిత్సలో భాగంగానే ఏర్పాటు చేయాలని ఆయన నిర్ణయించారు. రోగి అవసరం ఎక్కడ మొదలవుతుందో వైద్యం అక్కడే మొదలుకావాలన్న పట్టుదల ఆయనకు ఆనాటి నుండే ఉన్నది. 1966లో అంధుల పునరావాస కేంద్రాన్నీ, 1973లో నేత్రసహాయకుల శిక్షణనూ ప్రారంభించారు. ఆ 1973లోనే భారతప్రభుత్వం ఆయనను పద్మశ్రీ బిరుదుతో గౌరవించింది.

1976లో యాభై ఎనిమిదేళ్ళకు ప్రభుత్వోద్యోగం నుండి విరమణ లభించింది. ఆ వయస్సులో విశ్రాంతి కోరుకొన్నా తప్పు పట్టేవారు లేరు. ఆయన మాత్రం తోబుట్టువులతో కలసి ధర్మసంస్థ నొకదానిని నెలకొల్పి, మధుర అణ్ణానగర్‌లో ఒక ఇంట పదకొండు పడకలతో కంటి ఆసుపత్రి తెరిచారు. తాను చిరకాలంగా ఆరాధించిన శ్రీ అరవిందుల పేరు దానికి పెట్టారు. అప్పిచ్చే బ్యాంకులు లేవు. ఇల్లు తాకట్టు పెట్టారు. ఇంటి ఆడవారి నగలు కుదువపడ్డాయి. ఆయన వివాహం చేసుకోలేదు. తండ్రి గతించిన పిమ్మట తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఆయనే తీర్చిదిద్దారు. వారే ఇప్పుడు ఆసుపత్రికి అండగా నిలిచారు. తమ్ముడు జి. శ్రీనివాసన్ కట్టడాలూ లెక్కలూ చూశారు. చెల్లెలు డాక్టర్ జి. నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ పి. నంపెరుమాళ్‌స్వామి వైద్యంలో ఆయన పక్కన నిలిచారు.

ఇల్లూ నగలూ పెట్టినా తీరని లోటు ఒకటి మిగిలింది. అది వైద్యుని సమయం. దేశంలో శుక్లాలతో చూపు కోల్పోయినవారు లక్షలలో ఉంటే, నేత్రవైద్యులు బహుస్వల్పం. ఒక సాధారణ ఆసుపత్రిలో కంటివైద్యుని దినచర్యను గమనిస్తే ఇబ్బంది తెలిసిపోతుంది. చూపు కొలవడం, కంటిపీడనం చూడడం, అద్దాల నెంబరు నిర్ణయించడం, కన్నీటి మార్గాన్ని పరీక్షించడం, రోగికి ధైర్యం చెప్పడం, కన్ను కడిగి శస్త్రచికిత్సకు సిద్ధం చేయడం వంటివన్నీ ఆయన చేతిమీదుగానే సాగితే, కత్తి పట్టే వేళకు సగంరోజు అయిపోతుంది. వీటిలో నిజంగా వైద్యుడు మాత్రమే చేయగలిగినవి రెండే. రోగనిర్ణయం ఒకటి, శస్త్రచికిత్స రెండవది. మిగిలినవి శ్రద్ధతో నేర్పితే మరొకరు చేయగలరు. రోజూ అదే పని చేసేవారు, అప్పుడప్పుడు చేసే వైద్యునికంటే బాగా చేయగలరు.

ఆ మరొకరు పల్లెపిల్లలే అయ్యారు. మధుర, రామనాథపురం, తిరునల్వేలి జిల్లాల గ్రామాలలో పాఠశాల చదువు ముగించి, పై చదువుకు ఆర్థికస్తోమత లేక ఇంట ఉండిపోయిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ బాలికలను ఆసుపత్రి ఎంపిక చేసుకోసాగింది. ఈ బాధ్యత డాక్టర్ నాచ్చియార్ వహించారు. మార్కులకంటే నడవడికకు, ఓర్పుకు ఎక్కువ విలువ ఇచ్చేవారు. అమ్మాయితోపాటు తల్లిదండ్రులతోనూ మాట్లాడేవారు. పొలంపనీ ఇంటిపనీ చేస్తూ, ఇంటి ముసలివారికి సేవ చేసి పెరిగిన పిల్లలకు రోగిని చూసే ఒడుపు సగం పుట్టింటే వచ్చి ఉంటుందని నమ్మిక. శిక్షణ రెండేళ్ళు. మొదట శరీరశాస్త్రం, కంటినిర్మాణం, శుభ్రత, రోగితో మాట్లాడే తీరు నేర్పేవారు. ఆపైన ఒక్కొక్కరి మొగ్గును బట్టి బయటి రోగుల పరీక్ష, అద్దాల విభాగం, శస్త్రచికిత్సశాల, వార్డు, రోగులకు సలహా చెప్పడం అనే శాఖలలో ఒకదానిలో నిలకడగా ఉంచేవారు. ఒకచోట చేయి తిరిగినవారిని అక్కడినుండి కదపకపోవడంలోనే ఆ పద్ధతి ప్రాణం ఉన్నది.

శస్త్రచికిత్సశాలలో ఈ పంపకం కంటికి కట్టినట్లు కనబడుతుంది. వైద్యునికి రెండు బల్లలు. ఒక బల్లమీద శస్త్రచికిత్స జరుగుతూండగా పక్క బల్లమీద మరొక రోగిని నర్సులు సిద్ధం చేస్తారు. ఒక సిస్టర్ పనిముట్లు అందిస్తుంది, మరొకరు వాడిన వాటిని తీసుకొని శుద్ధి చేయించి తెస్తారు. మొదటి కన్ను ముగిసీ ముగియగానే వైద్యుడు సూక్ష్మదర్శినిని పక్కకు తిప్పుకొని రెండవ కన్ను మొదలుపెడతాడు. ఆయన వేచి ఉండే క్షణం లేదు. అయినా తొందర ఉండదు, ఎందుకంటే తొందరపడవలసిన పనులన్నీ ఆయన చేతినుండి తీసివేశారు. ఆ విధంగా దేశంలో ఒక కంటివైద్యుడు ఏడాదికి కొన్ని వందల శస్త్రచికిత్సలు చేస్తూండగా, అరవింద వైద్యుడు సుమారు రెండు వేలు చేయగలిగాడు.

ఇంత వేగంలో నాణ్యత దిగజారదా అన్న శంక సహజం. పనిని కిందివారికి ఒప్పగించి చేతులు దులుపుకొనేవారి విషయంలో ఆ శంక నిజమే అవుతుంది. వెంకటస్వామిగారు ఒప్పగించిన పనిని మరింత దగ్గరగా గమనించారు. ప్రతి శస్త్రచికిత్స ఫలితం, అందులో ఏర్పడిన ప్రతి చిక్కూ వైద్యుని పేరున నమోదయ్యేది, చర్చకు వచ్చేది. తరువాతి కాలంలో కోయంబత్తూరు శాఖ ఫలితాలను బ్రిటన్ దేశపు జాతీయ సర్వేతో పోల్చి చూడగా, శస్త్రచికిత్సలో తలెత్తే చిక్కులు చాలా అంశాలలో ఇక్కడే తక్కువని తేలింది.

మరొక విమర్శ ఇంత తేలికగా తీరదు. ఈ శిక్షణ ఆసుపత్రి స్వంత శిక్షణ. సాధారణ నర్సింగ్ డిప్లొమాకు ఉండే విలువ బయట దీనికి ఉండదు. పెళ్ళయి వెళ్ళిపోయిన అమ్మాయికి మరొక ఆసుపత్రిలో అదే హోదా దొరకడం కష్టం. పని కూడా తేలిక కాదు, సూర్యోదయంతోనే మొదలవుతుంది. ఈ మాటలలో నిజం లేకపోలేదు. ఐతే ఆ ఊళ్ళలో, ఆ రోజులలో, చదువు ముగిసిన ఆడపిల్లకు పత్తిచేనూ, అగ్గిపెట్టెల పరిశ్రమా తప్ప వేరు దారి లేని కాలం అది. తెల్లచీర కట్టి, జీతం తెచ్చి, ఊరి ముసలమ్మకు చూపు తెప్పించి తీసుకొచ్చిన అమ్మాయిని ఆ ఊరు మునుపటివలె చూడలేదు. ఆసుపత్రి సిబ్బందిలో సగానికి మించి వీరే. ఈ రెండు వైపులనూ కలిపి తూచకుండా అరవింద చరిత్ర వ్రాయడం న్యాయం కాదు.

అమెరికా వెళ్ళినపుడు మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు ఆయనను ఆకర్షించడం చాలామందికి వింతగా తోచింది. శాకాహారపు అలవాట్లు, యోగసాధన, అరవిందుల గ్రంథపఠనం గల వృద్ధునికి అక్కడ ఏమి పని? మామూలు యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, ఏ ఊరిలోనైనా ఒకే నాణ్యతతో, ఒకే క్రమంతో పని జరిపించే ఆ పద్ధతిని కంటివైద్యానికి తేవాలని ఆయన తలచారు. 1981 నాటికి పదకొండు పడకల ఇల్లు పెద్ద ఆసుపత్రిగా మారింది. 1980 దశకంలో తేని, తిరునల్వేలి, 1997లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు, 2003లో పుదుచ్చేరి శాఖలు వెలిశాయి. డబ్బు చెల్లించగలవారు చెల్లించిన రుసుముతోనే మిగిలినవారికి, అంటే సగానికి పైగా రోగులకు, ఉచితంగానో స్వల్పవ్యయంతోనో చికిత్స జరిగేది. రుసుము ఇచ్చినవారికి గది వేరు, ఇవ్వనివారికి చాప. వైద్యుడు మాత్రం ఇద్దరికీ ఒకరే. 1992లో స్థాపించిన ఆరోల్యాబ్ కంటిలో అమర్చే కృత్రిమ కటకాన్ని విదేశీ ధరలో కొద్ది భాగానికే తయారుచేయసాగింది. అక్కడా యంత్రాల ముందు కూర్చున్నవారిలో అధికులు పల్లెపిల్లలే. 1993లో హార్వర్డ్ వ్యాపార విద్యాలయం అరవింద పద్ధతిని పాఠ్యాంశంగా వెలువరించింది.

డాక్టర్ వెంకటస్వామి 2006 జూలై 7వ తేదీన ఎనభై ఏడవ ఏట మధురలో కన్నుమూశారు. ఆయన చివరి సంవత్సరాలలోనే, శిబిరాలకు సైతం రానివారు గ్రామాలలో ఇంకా అధికసంఖ్యలో ఉన్నారని గుర్తించి, చిన్న ఊళ్ళలో దృష్టికేంద్రాలు తెరవడం మొదలయింది. ఆ గదిలో వైద్యుడు ఉండడు. శిక్షణ పొందిన అమ్మాయి కన్ను పరీక్షించి, వివరాలను, చిత్రాలను కంప్యూటరు ద్వారా పట్నంలోని ఆసుపత్రికి పంపుతుంది. అక్కడి వైద్యుడు తెరమీద రోగితో మాట్లాడి నిర్ణయం చెబుతాడు. శస్త్రచికిత్స అవసరమైనవారు మాత్రమే బస్సెక్కుతారు. మిగిలినవారు అద్దాలో మందో తీసుకొని, కూలిపని చెడకుండా, ఆ పూటకే ఇంటికి నడిచిపోతారు.