రమణ మహర్షి – తుది దినాలు

వ్యాధిగ్రస్తునికి వైద్యం ఎంత అవసరమో, తన వైద్యం ఎంతవరకు సాగాలో చెప్పుకొనే అవకాశమూ అంతే అవసరం. ఈ సత్యాన్ని తన అవసానకాలంలో ఆచరించి చూపిన మహనీయుడు రమణ మహర్షి.

ఆయన అసలు పేరు వేంకటరామన్. 1879 డిసెంబరు 30న తమిళనాట తిరుచ్చుళిలో సుందరమయ్యర్, అళగమ్మ దంపతులకు జన్మించారు. పదహారేళ్ల వయసులో, మదురైలో ఉండగా, ఆయనను హఠాత్తుగా మరణభయం ఆవహించింది. ఆ బాలుడు బెదరిపోక, మరణించేది దేహమా, తానా అని విచారించాడు. ఆ విచారమే ఆయన జీవనమార్గమైంది. 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరిన ఆయన మరి ఆ క్షేత్రాన్ని విడువలేదు.

తెలుగువారితో మహర్షికి గాఢమైన అనుబంధం ఉంది. నాటి విశాఖపట్నం జిల్లాలో, బొబ్బిలి సమీపాన గల కలవరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతి ముని 1907లో ఆయనను ఆశ్రయించి, భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టారు. మహర్షి తెలుగులోనూ రచనలు చేశారు. సూరి నాగమ్మ తన లేఖల ద్వారా ఆశ్రమ విశేషాలను తెలుగు పాఠకులకు అందించారు.

1922 మే 19న తల్లి అళగమ్మ అవసానదశకు చేరినప్పుడు మహర్షి ఆమె చెంతనే కూర్చున్నారు. ఒక చేయి ఆమె శిరస్సుపై, మరొక చేయి హృదయంపై ఉంచి, ప్రాణం పోయేవరకు కదలలేదు. మందులు పనిచేయని వేళ కూడా సాటి మనిషి చేయగల సేవ ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం. ఆమె సమాధి చెంతనే శ్రీరమణాశ్రమం వెలసింది.

1948 చివర మహర్షి ఎడమ మోచేతి వద్ద చిన్న కంతి కనిపించింది. 1949 ఫిబ్రవరిలో దానిని తొలగించినా మళ్లీ పెరిగింది. అది సార్కోమా అనే కేన్సరని తేలింది. చేతిని తొలగించడమే మార్గమని వైద్యులు సూచించారు. మహర్షి అంగీకరించలేదు. దేహాన్ని ఛేదించనక్కరలేదనీ, పుండుకు కట్టు కడితే చాలుననీ ఆయన అభిప్రాయం.

భక్తులు తల్లడిల్లిపోయారు. ఎలాగైనా ఆయనను దక్కించుకోవాలన్నది వారి ఆరాటం. మహర్షి వారి ప్రేమను తిరస్కరించలేదు. నాలుగు శస్త్రచికిత్సలకు, రేడియం వైద్యానికి, మూలికల మందులకు తలవంచారు. కాని రెండు విషయాలలో మాత్రం తన నిశ్చయాన్ని సడలించలేదు. చేతిని తొలగించడానికి సమ్మతించలేదు. తనను చూడవచ్చిన వారికి దర్శనం నిరాకరించడానికీ ఒప్పుకోలేదు. శరీరం కృశించిపోతున్నా దర్శనం ఆగలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి వైద్యుడు ప్రాణవాయువు అందించబోగా చేతి సైగతో వారించారు. వెలుపల భక్తులు అరుణాచల స్తుతిని గానం చేస్తూ ఉండగా ప్రశాంతంగా కన్నుమూశారు.

మహర్షివలె బాధను ఓర్చుకోవడం అందరికీ సాధ్యం కాదు. ఓర్చుకోవలసిన అవసరమూ లేదు. నేడు నొప్పిని తగ్గించి, రోగికి, కుటుంబానికి ఊరటనిచ్చే ఉపశమన చికిత్స ఒక ప్రత్యేక వైద్యశాఖగా వృద్ధి చెందింది. తనకు మాట్లాడే శక్తి ఉడిగిన నాడు ఏ చికిత్స వద్దో ముందే వ్రాసి ఉంచే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీ చేత గాని, గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేస్తే చాలు.

కావ్యకంఠుని జన్మభూమియైన ఉత్తరాంధ్రలో, విశాఖ ఉక్కునగరానికి చేరువగా, అగనంపూడిలో నేడు హోమీభాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. అటువంటి ఆస్పత్రులకు వచ్చే ప్రతి కుటుంబమూ భక్తులు పడిన ఆరాటమే పడుతుంది. ఆ ఆరాటం సహజమైనది, పవిత్రమైనది. అయితే మంచం మీద ఉన్న మనిషి ఏమి కోరుతున్నాడో, మాట్లాడగలిగినప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఆత్మీయులు ఆయనకు చేయగల సేవలలో అదే మొదటిది.