ఎదుటివారి ఉద్దేశం: నవాబ్ సాలార్‌జంగ్ జీవితం నేర్పే పాఠం

ఇల్లయినా, దుకాణమైనా, రాజ్యమైనా ఒక్కరి ఇష్టంతో నడవదు. అప్పిచ్చినవాడికి ఒక ఉద్దేశం, పనివాడికి ఒకటి, భాగస్తుడికి మరొకటి ఉంటాయి. వాటిని గ్రహించినవాడే బాధ్యత అనే అమానత్‌ను మోయగలడు. నవాబ్ మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్ (1829-1883) జీవితంలో ఇందుకు గెలుపూ ఉంది, ఓటమీ ఉంది.

ఆయన చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. 1853లో 24 ఏళ్ళ వయసులో హైదరాబాద్ దీవాన్ అయ్యారు. అప్పటికి ఖజానా ఖాళీ. కంటింజెంట్ సైన్యం ఖర్చుల కింద బేరార్‌ను కొద్ది రోజుల ముందే ఆంగ్లేయులు తీసుకున్నారు. మిగిలిన తాలూకాలు చాలావరకు అప్పులిచ్చిన అరబ్బు, పఠాన్ జమేదార్ల చేతుల్లోనూ, శిస్తు గుత్తేదార్ల చేతుల్లోనూ ఉన్నాయి. రైతు నలిగిపోతున్నాడు.

జమేదారుకు కావలసింది భూమి కాదు, తన సొమ్ముకు భరోసా అని దీవాన్ గారు గ్రహించారు. బాకీలు తీరుస్తూ తాలూకాలు విడిపించుకున్నారు. గుత్తేదార్ల స్థానంలో జీతం తీసుకునే అధికారులను పెట్టారు. 1865లో జిల్లాబందీ చేశారు. నేడు మన హిమాయత్‌నగర్ వాసులు భూమి కాగితాల కోసం మొయినాబాద్ తహసీల్దారు దగ్గరకు వెళ్ళే పద్ధతికి మూలం ఆ ఏర్పాట్లలోనే ఉంది.

నిజాం అఫ్జలుద్దౌలాకు ఆయనపై ఎప్పుడూ అనుమానమే. అయినా ఆయన ప్రభువు పట్ల అదబ్ విడువలేదు.

అయితే ఆంగ్లేయుల విషయంలో ఆయన అంచనా తప్పింది. 1857లో ఆయన వారి పక్షాన నిలిచారు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి చేసిన స్వజనుల ఆగ్రహానికి గురయ్యారు. ఆ మేలుకు ప్రతిఫలంగా బేరార్ తిరిగి వస్తుందని ఆశించారు. 1860 ఒప్పందంలో రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది. బేరార్ మాత్రం రాలేదు. 1876లో ఇంగ్లండు వెళ్ళారు. గౌరవాలు దక్కాయి, బేరార్ దక్కలేదు. ప్రత్తి పండే ఆ నేలను వదులుకోవడం ఆంగ్లేయులకు ఇష్టం లేదు. 1883లో ఆ కోరిక తీరకుండానే కలరాతో కన్నుమూశారు. 1902లో బేరార్ శాశ్వత కౌలు కింద వారికే పోయింది.

సోదరులారా! ఎదుటివాడిని ఊరికే అనుమానించడం బద్‌గుమానీ. మన కోరికనే అతని ఉద్దేశమనుకోవడం ఖుష్‌ఫహ్మీ. రెండూ కళ్ళకు గంతలే. హుజురాత్ సూరా అనుమానాలకు దూరంగా ఉండమంటుంది, వార్తను విచారించి తెలుసుకోమనీ అంటుంది. బఖరా సూరా అప్పును రాసుకోమంటుంది. కనుక భాగస్తుడిపై మంచి అభిప్రాయం ఉంచండి, అతనికి ఏం కావాలో అడగండి, ఒప్పుకున్నది రాసుకోండి. మేలు చేశాం గనుక ప్రతిఫలం వస్తుందని లెక్క వేసుకోకండి. ఆ ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఆశించాలి.

అల్లాహ్ మనందరికీ ఇటువంటి వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.