గొంతుకు ఉమాదేవి, తెరకు టున్‌టున్

హిందీ మాట్లాడే ప్రాంతాల్లో లావుగా ఉన్న అమ్మాయిని ఏడిపించడానికి దశాబ్దాలుగా వాడుతున్న పేరు టున్‌టున్. సంజ్ఞావాచకం జాతివాచకంగా మారడం భాషలో వింతేమీ కాదు. అయితే ఇక్కడ అలా మారింది ఒక గాయని పేరు; అదీ కన్నవారు పెట్టినది కాదు.

ఉమాదేవి ఖత్రీ 1923 జులై 11న నేటి ఉత్తర ప్రదేశ్‌లోని అమ్రోహా ప్రాంతంలో జన్మించారు. ఊహ తెలియని వయసులోనే తల్లిదండ్రులను, ఆ తరువాత అన్నను కోల్పోయారు. బంధువుల ఇంట పనిమనిషిలా పెరిగారు. సంగీత శిక్షణ లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఒంటరిగా బొంబాయి చేరి సంగీత దర్శకుడు నౌషాద్ తలుపు తట్టారు. అవకాశం ఇవ్వకపోతే సముద్రంలో దూకుతానని పట్టుబట్టినట్లు చిత్రసీమలో కథగా చెప్పుకుంటారు.

1947లో వచ్చిన ‘దర్ద్’ చిత్రంలో ఆమె పాడిన పాట దేశమంతటా మారుమోగింది. తెరపై పెదవులు కదిపింది మునవ్వర్ సుల్తానా. పాడినవారు ఎలా ఉంటారో శ్రోతలకు తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. మరుసటి ఏడాది మద్రాసులో జెమినీ సంస్థ నిర్మించిన హిందీ ‘చంద్రలేఖ’లోనూ ఆమె పాటలు పాడారు. ఆ చిత్ర సంగీత దర్శకుడు మన సాలూరు రాజేశ్వరరావు.

అంతలోనే లతా మంగేష్కర్ తరం వచ్చింది. ఉమాదేవి గానశైలి పాతబడింది, అవకాశాలు సన్నగిల్లాయి. ఆమె చలాకీతనాన్ని ఎరిగిన నౌషాద్ నటించమని సలహా ఇచ్చారు. 1950లో దిలీప్ కుమార్ కథానాయకుడిగా వచ్చిన ‘బాబుల్’తో ఆమె తెరకెక్కారు. కొత్త పేరు అక్కడి నుంచే స్థిరపడింది. గురుదత్ తీసిన ‘ఆర్ పార్’, ‘మిస్టర్ అండ్ మిసెస్ 55’, ‘ప్యాసా’ చిత్రాల్లోనూ ఆమె కనిపిస్తారు.

ఆమెకు వచ్చిన పాత్రల్లో చాలావాటికి మూసకథ ఒకటే. భారీ శరీరం గల స్త్రీ తనను అందగత్తెగా భావించుకుంటుంది, సింగారించుకుంటుంది, ఎవరినో వలచి వెంటపడుతుంది. అతను పారిపోతాడు. హాలు పగలబడి నవ్వుతుంది. నవ్వు కేవలం ఒళ్లు చూసి కాదు, ఆ ఒంటితో ప్రేమను కోరుకున్నందుకు. మన రేలంగి కూడా బొద్దుగా ఉండేవారు. కానీ ఆయన హాస్యం మాటలో, ముఖకవళికల్లో పుట్టేది. ఆయనకు జోడీ ఉండేది, యుగళగీతమూ ఉండేది. టున్‌టున్‌కు ఆ పాటి మర్యాద అరుదుగా దక్కింది.

నిజానికి నాటి కథానాయికలు నేటి కొలతల ప్రకారం సన్నని వారేమీ కారు. అయినా ఎక్కడో ఒక గీత ఉండేది. దానికి అవతల నిలబెట్టి చూపడానికి ఒక స్త్రీ కావలసి వచ్చింది, అంతే. అలాగని ఆమెను బాధితురాలిగా మాత్రమే చూడటం అన్యాయం. హాస్యంలో ఆమె కాలజ్ఞానం గట్టిది. హిందీ తెరపై తొలి హాస్యనటీమణిగా పేరు పొందారు. సుమారు 200 చిత్రాల్లో నటిస్తూ, నలుగురు పిల్లలను పెంచారు. నవ్వులో పాలుపంచుకుంటూనే బతుకు నిలబెట్టుకున్నారు. తరువాతి తరాల ఆడపిల్లలకు ఆ ఎంపిక కూడా లేదు. బడిలోనో, పెళ్లిచూపుల్లోనో పేరు మాత్రం అంటుకుంది.

2003 నవంబర్ 24న ముంబైలో 80 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. మరణవార్తలు టున్‌టున్ పేరుతోనే వచ్చాయి. ‘దర్ద్’ పాటకు గాయనిగా నమోదైన పేరు మాత్రం నేటికీ ఉమాదేవి.